చేతికంటిన రేణువు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?
తుపాకి నేరాల దర్యాప్తులో రసాయన విశ్లేషణ

ఆవర్తన పట్టికను ఒకసారి తెరిచి చూడండి. పరమాణు సంఖ్య 51 దగ్గర ఆంటిమొని, 56 దగ్గర బేరియం, 82 దగ్గర సీసం కనిపిస్తాయి. పరీక్ష కోసం ఈ పేర్లు కంఠస్థం చేసి, పరీక్ష అయిన మర్నాడే మరచిపోయే విద్యార్థులు ఎక్కువ. కానీ ఈ మూడు మూలకాలూ కలిసి ఒకే గుండ్రని రేణువులో ఉండి, ఆ రేణువు ఒక మనిషి చేతి మీద దొరికిందనుకోండి. అతడు జైలుకు వెళ్ళడమా, ఇంటికి వెళ్ళడమా అన్నది కొంతవరకు ఆ రేణువు మీద ఆధారపడవచ్చు. కంటికి కనిపించని రేణువుకు అంత బలం ఎలా వచ్చింది? ఆ బలానికి హద్దు ఎక్కడ? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలనూ చూద్దాం.

మన విద్యార్థులు ఒకచోట పియుసి, ఇంకొకచోట ప్లస్ టూ, మరొకచోట జూనియర్ కాలేజి అనే పేర్లతో చదివేది దాదాపు ఒకే రసాయన శాస్త్రం. ఆక్సీకరణం, క్షయకరణం, తలతన్యత, డయజోనియం లవణాలు, పరమాణు నిర్మాణం అనే పాఠాలు అందరికీ ఉంటాయి. ఆ పాఠాలన్నీ ఇక్కడ పనికి వస్తాయి. తరగతిలో మీరు వినే ఇంగ్లీషు మాటలనే అవసరమైన చోట తెలుగు లిపిలో వాడాము.

తూటాలో ఏముంటుంది?

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందు భాగంలో గుండు, దానిని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో మందు, అడుగున చిన్న క్యాప్. ఈ క్యాప్‌నే ప్రైమర్ అంటారు. మీట నొక్కగానే తుపాకిలోని పిన్ను క్యాప్‌ను కొడుతుంది. ఆ దెబ్బకు క్యాప్‌లోని మిశ్రమం భగ్గున మండుతుంది. ఆ నిప్పు మందుకు అంటుకుంటుంది. మందు క్షణంలో వేడి వాయువుగా మారి, ఆ వాయువు పీడనంతో గుండు ముందుకు దూసుకుపోతుంది.

మన పరిశీలనకు ముఖ్యమైనది క్యాప్. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన ప్రైమర్లలో మూడు పదార్థాలు ప్రధానం. దెబ్బకు మండేది లెడ్ స్టిఫ్నేట్. ఆక్సిజన్ అందించేది బేరియం నైట్రేట్. ఇంధనంగా మండేది ఆంటిమొని సల్ఫైడ్. ఒకటి ఆక్సీకరణి, మరొకటి క్షయకరణి. తరగతిలో తూచే సమీకరణాల వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

మందు సంగతి వేరు. పూర్వకాలపు నల్లమందులో సూరేకారం, గంధకం, బొగ్గు ఉండేవి. దట్టమైన పొగ వచ్చేది. పందొమ్మిదో శతాబ్దం చివర పొగ తక్కువగా వచ్చే మందు వాడుకలోకి వచ్చింది. దీనికి మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. కొన్ని రకాలలో నైట్రోగ్లిజరిన్ కూడా కలుపుతారు. 1889లో బ్రిటన్‌లో పేటెంటు పొందిన కార్డైట్ ఈ రెండో కోవకు చెందినదే. తమిళనాడులో నీలగిరి రైలెక్కిన మన పిల్లలు అరువంకాడు స్టేషన్ పేరు చూసే ఉంటారు. అక్కడి కార్డైట్ ఫ్యాక్టరీ పేరు ఈ మందు నుంచి వచ్చిందే. నైట్రోసెల్యులోజ్ నిల్వ ఉన్న కొద్దీ విచ్ఛిన్నం కాకుండా డైఫినైల్ ఎమీన్ వంటి స్థిరీకారులను కలుపుతారు. ఈ పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

రేణువు ఎలా పుడుతుంది?

క్యాప్ మండినప్పుడు పుట్టే వేడికి అందులోని లోహాలు కొంత కరుగుతాయి, కొంత ఆవిరవుతాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆంటిమొని 631 డిగ్రీల వద్ద, బేరియం సుమారు 727 డిగ్రీల వద్ద కరుగుతాయి. తుపాకి లోపల ఉష్ణోగ్రత వీటన్నిటికంటే చాలా ఎక్కువ. ఆ వేడి ఆవిరి బయటి గాలి తగలగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. చల్లబడే ద్రవ బిందువును తలతన్యత గుండ్రంగా చేస్తుంది. వాన చినుకు గుండ్రంగా ఉండటానికి కారణమైన సూత్రమే ఇది. అందుకే ఈ రేణువులు చాలావరకు గోళాకారంలో ఉంటాయి. సాధారణంగా వీటి వ్యాసం కొన్ని మైక్రాన్లు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఈ రేణువులు గుండుతో పాటు ముందుకే పోవు. తుపాకి సందులలోంచి వెనక్కూ పక్కలకూ వస్తాయి. పేల్చినవారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మం మీద, చేతి వెనుక భాగం మీద, చొక్కా చేతుల మీద వాలుతాయి. ఒక విషయం ఇక్కడే గ్రహించాలి. ఈ మబ్బు ఒక్క మనిషిని మాత్రమే ఎంచుకొని వాలదు. పక్కన నిలబడినవాడి మీదా వాలుతుంది, తుపాకిని లాక్కోబోయినవాడి చేతి మీదా వాలుతుంది, గుండు తగిలినవాడి మీదా వాలుతుంది.

వాలిన రేణువులు ఎక్కువసేపు నిలవవు. చేతులు జేబులో పెట్టుకున్నా, తుడుచుకున్నా రాలిపోతాయి. సబ్బుతో కడిగితే దాదాపు పోతాయి. మామూలుగా తిరిగే మనిషి చేతి మీద కొన్ని గంటలలోనే చాలావరకు మాయమవుతాయి. కదలని మృతదేహం మీద, బట్టల మీద ఇంకా ఎక్కువకాలం ఉంటాయి. అందుకే నేరస్థలంలో మృతుని చేతులకు కాగితపు సంచులు తొడుగుతారు. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి రేణువులు చెదిరిపోయే ప్రమాదముంది.

మైనం పరీక్ష నేర్పిన పాఠం

1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు పోలీసులు ఒక పరీక్షను బాగా నమ్మారు. అనుమానితుని చేతి మీద కరిగిన పారఫిన్ మైనం పోసి, గట్టిపడ్డాక ఊడదీసేవారు. చర్మానికి అంటిన మందు తునకలు మైనానికి అంటుకొని వచ్చేవి. దాని మీద డైఫినైల్ ఎమీన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం చుక్కలుగా వేస్తే నైట్రేట్లున్న చోట నీలి రంగు కనిపించేది. మందులో స్థిరీకారిగా వాడే పదార్థమే ఇక్కడ పరీక్షా ద్రావణమైంది.

నీలి రంగు రాగానే ఇతడే కాల్చాడని అనుకునేవారు. కానీ నైట్రేట్లు తుపాకి మందులో మాత్రమే ఉంటాయా? పొలంలో చల్లే ఎరువులో ఉంటాయి. పొగాకులో ఉంటాయి. మూత్రంలోనూ ఉంటాయి. రైతు చేయీ, చుట్ట తాగేవాడి చేయీ నీలి రంగు చూపగలవు.

1963 నవంబరు 22న అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగినప్పుడు నిందితుడు ఆస్వాల్డ్‌కు డాలస్ పోలీసులు ఈ పరీక్షే చేశారు. రెండు చేతుల మీదా రంగు వచ్చింది. కుడి చెంప మీద రాలేదు. ఆ హత్యను విచారించిన వారెన్ కమిషన్ తన నివేదికలో ఎఫ్‌బిఐ చేసిన రెండు ప్రయోగాలను ప్రస్తావించింది. మొదటి దానిలో అప్పుడే రివాల్వర్ పేల్చిన 17 మందికి పరీక్ష చేస్తే, 8 మందికి రెండు చేతుల మీదా రంగు రాలేదు. రెండో దానిలో 29 మందికి చేశారు. వారిలో 20 మంది తుపాకి పేల్చనే లేదు. అయినా 29 మందికీ ఒక చేతి మీదో, రెండు చేతుల మీదో రంగు వచ్చింది. పేల్చినవారిని వదిలేసి, పేల్చనివారిని పట్టుకునే పరీక్ష ఎవరికి ఉపయోగం?

పొరపాటు రసాయన చర్యలో లేదు. నైట్రేటు ఉంటే నీలి రంగు వచ్చి తీరుతుంది. పొరపాటు ప్రశ్నలో ఉంది. నైట్రేటు ఉందా అని అడిగి, తుపాకి పేల్చాడా అన్న ప్రశ్నకు జవాబు దొరికిందనుకున్నారు. క్రమంగా ఆ పరీక్షను పక్కన పెట్టేశారు.

నైట్రేటు నుంచి లోహానికి

1959లో హారిసన్, గిల్‌రాయ్ అనే శాస్త్రజ్ఞులు దృష్టిని మందు నుంచి క్యాప్ వైపు మళ్ళించారు. చేతిని గుడ్డతో అద్ది, ఆ గుడ్డ మీద సీసం, బేరియం, ఆంటిమొనిలను రంగు చర్యల ద్వారా వెతికారు. ఆలోచన సరైనదే. కానీ చేతి మీద ఉండే లోహం పరిమాణం అతి స్వల్పం కావడంతో రంగు చర్యలు చాలలేదు.

తరువాత పరికరాలు వచ్చాయి. న్యూట్రాన్ ఉత్తేజన విశ్లేషణలో నమూనాను అణు రియాక్టరులో న్యూట్రాన్లకు గురిచేస్తారు. అప్పుడు మూలకాలు రేడియోధార్మికమై గామా కిరణాలు వెలువరిస్తాయి. ఆ కిరణాల శక్తిని బట్టి మూలకాన్ని గుర్తిస్తారు. మన దేశంలో ఈ పనికి ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఫోరెన్సిక్ విభాగం ఒకటి ఏర్పాటైంది. ఈ పద్ధతి ఆంటిమొని, బేరియంలకు బాగా పనిచేస్తుంది, సీసానికి పనిచేయదు. పరమాణు శోషణ వర్ణపటమితి సీసాన్ని కూడా కొలుస్తుంది. అయితే రెండింటికీ ఒకే లోపముంది. చేతి మీద మొత్తం ఎంత సీసం ఉందో, ఎంత బేరియం ఉందో చెబుతాయి. అవి ఒకే రేణువులో కలిసి ఉన్నాయా, వేర్వేరు చోట్ల నుంచి విడివిడిగా వచ్చి చేరాయా అన్నది చెప్పవు. పెయింటు నుంచి వచ్చిన సీసమూ, బాణసంచా నుంచి వచ్చిన బేరియమూ ఒకే చేతి మీద ఉండవచ్చు కదా.

ఒక్కొక్క రేణువునూ పలకరించే పరికరం

1970లలో స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ పనిలోకి వచ్చింది. ఈనాటికీ ప్రామాణికమైన పద్ధతి ఇదే. అల్యూమినియం బిళ్ళ మీద కార్బన్ జిగురు పట్టీ అంటించి, దానితో అనుమానితుని చేతిని పలుమార్లు అద్దుతారు. ఆ బిళ్ళను సూక్ష్మదర్శినిలో పెట్టి ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపుతారు. పరమాణు సంఖ్య ఎక్కువ ఉన్న మూలకాలు ఎక్కువ ఎలక్ట్రాన్లను వెనక్కి కొడతాయి. అందుచేత చర్మపు పొట్టు, దుమ్ము మసకగా ఉండగా, సీసమున్న రేణువు చీకటి ఆకాశంలో చుక్కలా మెరుస్తుంది.

మెరిసిన రేణువు దగ్గర పుంజాన్ని ఆపుతారు. ఎలక్ట్రాన్ల దెబ్బకు పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దిగుతూ ఎక్స్-కిరణాన్ని వెలువరిస్తుంది. ఆ కిరణం శక్తి ప్రతి మూలకానికీ ప్రత్యేకం. పరమాణు సంఖ్యకూ ఈ కిరణాలకూ ఉన్న సంబంధాన్ని 1913లో మోస్లే కనుగొన్నాడు. మీ పాఠ్యపుస్తకంలోని మోస్లే నియమం ఇక్కడ రోజూ పనిచేస్తుంది.

అయినా జాగ్రత్త కావాలి. సీసం ఇచ్చే ఒక ముఖ్యమైన రేఖా, గంధకం రేఖా రెండూ 2.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఉంటాయి. బేరియం రేఖ, టైటానియం రేఖ రెండూ 4.5 దగ్గర ఉంటాయి. తెల్ల పెయింటులో టైటానియం ఉంటుంది. తొందరపడినవాడు టైటానియాన్ని బేరియం అనుకోగలడు. అందుకే ఒక రేఖతో సరిపెట్టుకోకుండా ఆ మూలకం ఇచ్చే మిగతా రేఖలన్నీ ఉన్నాయో లేదో సరిచూస్తారు.

మూడు మూలకాలూ ఒకే రేణువులో ఉంటే అది తుపాకి అవశేషానికి విలక్షణమైన రేణువు అంటారు. రెండే ఉంటే తుపాకి నుంచి వచ్చి ఉండవచ్చు అని మాత్రమే అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడాను నివేదిక రాసేవారూ, చదివేవారూ మరువకూడదు.

విలక్షణం అన్నంత మాత్రాన అనుమానం పూర్తిగా తీరదు. 2002లో ఇటలీ పరిశోధకులు కొన్ని వాహనాల బ్రేకు లైనింగుల నుంచి వచ్చే రేణువులలో ఈ మూడు మూలకాలూ కలిసి ఉండటం గమనించారు. అంటే మెకానిక్ చేతి మీద దొరికిన రేణువును ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇనుము ఎంత ఉంది? ఆకారం గుండ్రంగా ఉందా, గరుకుగా ఉందా? చుట్టూ ఉన్న మిగతా రేణువులు ఏమిటి? ఒక్క రేణువు కాక మొత్తం గుంపును చూస్తే తేడా తెలుస్తుంది.

సీసం విషం కాబట్టి సీసం లేని ప్రైమర్లు కూడా వచ్చాయి. వాటిలో కొన్ని టైటానియం, జింకు వదులుతాయి. ఇవి మామూలు వస్తువులలోనూ ఉండే మూలకాలే. అందుచేత ఇప్పుడు పరిశోధకులు మందులోని కర్బన పదార్థాలనూ వెతుకుతున్నారు. డైఫినైల్ ఎమీన్, ఈథైల్ సెంట్రలైట్ వంటివాటిని ద్రవ క్రొమటోగ్రఫీ, ద్రవ్యరాశి వర్ణపటమితి కలిపి గుర్తిస్తారు.

ఎంత దూరం నుంచి పేలింది?

చాలా కేసులలో అసలు ప్రశ్న ఎవరు పేల్చారన్నది కాదు, ఎంత దూరం నుంచి పేలిందన్నది. తనను తాను కాల్చుకున్నాడంటారు. పెనుగులాటలో పేలిందంటారు. దూరం తెలిస్తే ఏ మాట నిలుస్తుందో చూడవచ్చు.

మృతుని చొక్కా మీద గుండు రంధ్రం చుట్టూ మండీ మండని మందు తునకలు, నైట్రైట్లు పడి ఉంటాయి. వీటికి గ్రీస్ పరీక్ష చేస్తారు. ఆమ్ల సమక్షంలో నైట్రైటు నైట్రస్ ఆమ్లమవుతుంది. అది సల్ఫనిలిక్ ఆమ్లంతో కలిసి డయజోనియం లవణాన్నిస్తుంది. ఆ లవణం ఆల్ఫా నాఫ్తాల్‌తో జతకట్టి నారింజ రంగు ఎజో వర్ణకాన్నిస్తుంది. ఎమీన్ల పాఠంలో చదివిన యుగళన చర్యే ఇది. ఈ రసాయనాలు పూసిన కాగితం మీద చొక్కాను పరిచి, ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ పైన వేసి ఇస్త్రీ చేస్తే కాగితం మీద నారింజ చుక్కలు తేలుతాయి. ఆ తరువాత సీసం కోసం సోడియం రోడిజోనేట్ చల్లుతారు. గులాబీ రంగు వస్తుంది. దాని మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడగానే నీలి ఊదా రంగుకు మారితే సీసమని నిర్ధారణ.

చుక్కలు దగ్గర దగ్గరగా చిక్కగా ఉంటే తుపాకి దగ్గరగా ఉన్నట్లు, పలచగా పరచుకొని ఉంటే దూరంగా ఉన్నట్లు. కానీ ఇంతతో దూరం చెప్పేయరు. అదే తుపాకితో, అదే రకం తూటాలతో, అటువంటి గుడ్డ మీద వేర్వేరు దూరాల నుంచి కాల్చి, ఆ నమూనాలతో పోల్చి చెబుతారు. తుపాకి దొరకకపోతే దూరం గురించి గట్టిగా చెప్పడం కష్టం.

చెరిపేసిన నంబరు మళ్ళీ కనిపించడం

దొంగ తుపాకి మీద నంబరును ఆకురాయితో అరగదీస్తారు. పైకి నున్నగా ఉంటుంది. కానీ నంబరు అచ్చు కొట్టినప్పుడు ఆ ఒత్తిడికి అక్షరాల కింద కొంత లోతు వరకు లోహపు స్ఫటికాలు నలిగి ఉంటాయి. నలిగిన లోహం, నలగని లోహం ఆమ్లంతో ఒకే వేగంగా చర్య జరపవు. క్యూప్రిక్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ఫ్రై ద్రావణాన్ని ఉక్కు మీద దూదితో రుద్దుతూ ఉంటే అంకెలు నెమ్మదిగా తేలుతాయి. ఒక్కొక్కసారి కనిపించి మళ్ళీ మాయమవుతాయి కాబట్టి ఫోటోలు తీస్తూనే ఉంటారు. అచ్చు లోతుకంటే ఎక్కువగా అరగదీస్తే మాత్రం ఫలితం ఉండదు.

గుండులోని సీసం కథ

రసాయన విశ్లేషణ సరిగానే జరిగినా, దాని మీద కట్టిన నమ్మకం కూలిపోవచ్చు. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో జరిగింది.

నేరస్థలంలో దొరికిన గుండునూ, అనుమానితుని ఇంట్లో డబ్బాలో ఉన్న గుండ్లనూ తీసుకొని ఎఫ్‌బిఐ ప్రయోగశాల సీసంలోని మాలిన్యాలను కొలిచేది. ఆంటిమొని, ఆర్సెనిక్, రాగి, తగరం, బిస్మత్, వెండి, కాడ్మియం అనే ఏడు మూలకాలు. కూర్పు ఒకేలా ఉంటే ఈ గుండు ఆ డబ్బాలోనిదే అయి ఉండవచ్చని సాక్ష్యం చెప్పేవారు. 1980ల ఆరంభం నుంచి సుమారు 2,500 కేసులలో ఆ ప్రయోగశాల ఈ పరీక్ష చేసింది.

2004లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ పద్ధతిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. కొలత బాగుంది, పరికరం బాగుంది అని ఒప్పుకుంది. లోపం వేరేచోట చూపింది. ఒకే కూర్పుగల సీసం నుంచి ఎన్ని గుండ్లు తయారవుతాయి? చిన్న .22 గుండ్ల లెక్కన 12,000 నుంచి 3 కోట్ల 50 లక్షల వరకు కావచ్చని ఆ నివేదిక చెప్పింది. అన్ని గుండ్లు ఊరూరా దుకాణాలలో అమ్ముడవుతాయి. అలాంటప్పుడు రెండు గుండ్ల కూర్పు కలిసిందంటే, రెండూ ఒకే డబ్బాలోవని ఎలా అనగలం? 2005 సెప్టెంబరు 1న ఎఫ్‌బిఐ ఈ పరీక్షను ఆపివేసింది.

ఒక్క రేణువు, ఎనిమిదేళ్ళు

1999 ఏప్రిల్ 26న లండన్‌లో బిబిసి టెలివిజన్ వ్యాఖ్యాత జిల్ డాండో తన ఇంటి గుమ్మం ముందే ఒకే ఒక్క గుండు దెబ్బకు మరణించారు. ఏడాది తరువాత బారీ జార్జ్ అనే వ్యక్తి ఇంట్లో పోలీసులు ఒక కోటును స్వాధీనం చేసుకున్నారు. దాని జేబులో తుపాకి అవశేష రేణువు దొరికింది. ఒకే ఒక్కటి, మిల్లీమీటరులో నూరో వంతు పాటిది. హత్యలోని అవశేషాలతో దాని కూర్పు పొసిగింది. 2001 జూలైలో అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

తరువాత నిపుణులే ప్రశ్నను తిరగేసి చూశారు. అతడు హంతకుడైతే, ఏడాది తరువాత జేబులో ఒక్క రేణువు దొరికే అవకాశం ఎంత? అతడు హంతకుడు కాకపోతే, ఎక్కడి నుంచో అంటుకొని ఒక్క రేణువు దొరికే అవకాశం ఎంత? రెండూ దాదాపు సమానమేనని తేలింది. అంటే ఆ రేణువు ఏ పక్షానికీ బలం ఇవ్వదు. 2007 నవంబరులో అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసింది. మళ్ళీ జరిగిన విచారణలో ఆ రేణువును సాక్ష్యంగా అనుమతించలేదు. 2008 ఆగస్టు 1న అతడు నిర్దోషిగా విడుదలయ్యాడు. అప్పటికి ఎనిమిదేళ్ళు జైలులో గడిచాయి.

ఈ ఆలోచనను మన ఇంటి ఉదాహరణతో చెప్పుకుందాం. తెల్లవారి లేచి చూస్తే వాకిలి తడిగా ఉంది. రాత్రి వాన కురిసిందా? రోజూ కళ్ళాపి చల్లే వాకిలైతే వాన కురిసినా తడే, కురవకపోయినా తడే. కాబట్టి ఆ తడి మనకేమీ చెప్పదు. అదే డాబా మీద ఆరేసిన వడియాలు తడిసి ఉంటే కథ వేరు. వాన లేకుండా అవి తడిసే అవకాశం తక్కువ. సాక్ష్యం బలం అది దొరకడంలో మాత్రమే లేదు. ఆ సంఘటన జరగకపోయినా అది దొరికే అవకాశం ఎంత అన్నదానిలో ఉంది.

మన దేశంలో

నేరాల కోసం రసాయన పరీక్ష మన దేశానికి కొత్త కాదు. మద్రాసులో 1849లోనే రసాయన పరీక్షకుని ప్రయోగశాల ఏర్పడింది. ఆ తరువాత కలకత్తా, ఆగ్రా, బొంబాయిలలో ఏర్పడ్డాయి. అప్పట్లో వాటి ముఖ్యమైన పని విషప్రయోగాల కేసులు. కలకత్తా పోలీసుల వద్ద 1930లో ఆయుధ నిపుణుని నియమించి చిన్న ప్రయోగశాల పెట్టారు. ఇవాళ బెంగళూరు, చెన్నై, భువనేశ్వర్, ముంబయిలలో రాష్ట్ర ప్రయోగశాలలున్నాయి. హైదరాబాదులో రాష్ట్ర ప్రయోగశాలతో పాటు కేంద్ర ప్రయోగశాల కూడా ఉంది.

మన దేశపు కేసులలో ఒక ప్రత్యేకత ఉంది. పలుచోట్ల వాడేవి నాటు తుపాకులు. వాటిలో ఫ్యాక్టరీ తూటా ఉండదు. నల్లమందు, నిప్పు రగల్చడానికి అగ్గిపుల్లల మందు వంటివి వాడతారు. అలాంటి తుపాకి పొటాషియం, గంధకం, క్లోరిన్ వదులుతుంది. సీసం, బేరియం, ఆంటిమొని మూడూ కలిసిన రేణువు కోసమే వెతికితే దొరకకపోవచ్చు. విదేశీ పుస్తకంలోని కొలబద్దను ఇక్కడ ఉన్నదున్నట్లు వాడకూడదు.

రెండోది దీపావళి. ఆకుపచ్చ వెలుగు కోసం, కాకరపువ్వొత్తుల కోసం బేరియం లవణాలు వాడుతూ వచ్చారు. 2018లో సుప్రీంకోర్టు బాణసంచాలో బేరియం లవణాలను నిషేధించింది. అయినా పండుగ రోజులలో తీసిన నమూనాలో బేరియం ఒక్కటే కనిపిస్తే దానికి పెద్ద అర్థం లేదు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి. దీనిని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ వరకు గడువు ఇచ్చారు. అందుకు తగినంతమంది నిపుణులు కావాలి.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

ఈ రంగంలోకి రావడానికి రెండు దారులున్నాయి. మొదటిది, రసాయన శాస్త్రంతో బి.ఎస్సి. చేసి, రసాయన శాస్త్రంలో గాని ఫోరెన్సిక్ సైన్సులో గాని ఎం.ఎస్సి. చేయడం. రెండోది, డిగ్రీ స్థాయి నుంచే ఫోరెన్సిక్ సైన్సు చదవడం. గాంధీనగర్‌లో ఉన్న ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2020లో జాతీయ విశ్వవిద్యాలయమైంది. కర్ణాటకలోని ధార్వాడలో దానికి ప్రాంగణముంది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలో ఈ చదువు 1959లోనే మొదలైంది. ప్రభుత్వ ప్రయోగశాలల నియామక ప్రకటనలలో ఏ డిగ్రీలు అడుగుతున్నారో ముందుగా చూసుకొని కోర్సు ఎంచుకోవడం మంచిది. రసాయన శాస్త్ర పట్టా ఉంటే ఔషధ, ఆహార, నీటి పరీక్షల ప్రయోగశాలలలోనూ అవకాశం ఉంటుంది.

ఆడపిల్లను ఈ చదువుకు పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు ఒక మాట. ఇది లాఠీ పట్టుకొనే ఉద్యోగం కాదు. ఎక్కువ భాగం ప్రయోగశాలలో, సూక్ష్మదర్శిని ముందు, రిజిస్టరులో రాసుకుంటూ జరిగే పని. కావలసినది ఓపిక, శుభ్రత, తెలియనిది తెలియదని రాయగల నిజాయితీ. కోర్టులో బోనెక్కి జవాబు చెప్పవలసి వస్తుంది కాబట్టి మాట స్పష్టంగా ఉండాలి.

అభ్యాసం

1. ఒక గోళాకార రేణువు వ్యాసం 5 మైక్రాన్లు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 6 గ్రాములనుకుంటే ద్రవ్యరాశి ఎంత?
జవాబు: వ్యాసార్థం 2.5 మైక్రాన్లు. ఘనపరిమాణం సుమారు 65.4 ఘన మైక్రాన్లు. ద్రవ్యరాశి సుమారు 0.4 నానోగ్రాము. అంటే గ్రాములో 250 కోట్లో వంతు. రంగు చర్యలు ఎందుకు చాలలేదో ఈ లెక్కే చెబుతుంది.

2. ఒకరి చేతి మీద రేణువులు ఏమీ దొరకలేదు. అతడు తుపాకి పేల్చలేదని అనవచ్చా?
జవాబు: అనరాదు. కడుక్కొని ఉండవచ్చు, రాలిపోయి ఉండవచ్చు, తుపాకి తక్కువ అవశేషం వదిలి ఉండవచ్చు.

3. నిందితుని చేతి నుంచి నమూనా తీసిన పోలీసు ఉద్యోగి అదే రోజు ఉదయం తుపాకి అభ్యాసం చేసి వచ్చాడు. నివేదికను మీరు ఎలా చూస్తారు?
సూచన: ఆ ఉద్యోగి చేతి నుంచీ, నమూనా తీసిన బల్ల నుంచీ, వాడని బిళ్ళ నుంచీ కూడా నమూనాలు తీసి పరీక్షించారా అని అడగండి. జవాబును సొంత మాటలలో పది పంక్తులు రాసి, మీ రసాయన శాస్త్ర అధ్యాపకులకు చూపించండి.